చల్లారకుండా తెమ్మన్నాం

ఇప్పటి ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలు నవ్వుకుంటారేమో గానీ, ముప్పై నాలుగేళ్ళ నా ఉద్యోగంలో మొదటి నాలుగేళ్ళు ‘వీర్యం’ అన్న మాట నేను నోటితో పలకలేదు. రాయవలసి వస్తే ఇంగ్లీషులో రాసేదాన్ని. చెప్పవలసి వస్తే ‘సీసా’ అనేదాన్ని. మా ఆస్పత్రిలో అందరికీ అదే అలవాటైపోయింది. "ఈరోజు సీసాలెన్ని?" అంటే డాక్టరమ్మ మొదలుకొని వరండా ఊడ్చే ముసలమ్మ దాకా అందరికీ అర్థమయ్యేది. మద్రాసులో ఏడాదిన్నర శిక్షణ పొందినదాన్ని, రక్తమూ తెమడా ఉచ్చా రోజూ చూసేదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నా నాలుక మడతపడేది. ఆ సిగ్గు ఒక సంసారాన్ని కూల్చినంత పని చేసింది. ఆ సంగతే మీకు చెప్పాలని.

మాది అనంతపురం పట్నంలో ఒక చిన్న ధర్మాస్పత్రి. ఇప్పుడది లేదు. ఆ కట్టడంలో ఏదో గోడౌను పెట్టుకున్నారని విన్నాను. అరవైల మొదటి సంవత్సరాల్లో దాన్ని నడిపింది ముఖ్యంగా ముగ్గురం. డాక్టరమ్మది బళ్ళారి వైపు. యాభై దాటిన మనిషి, తిట్టడం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేది. పని చెప్పిన పది నిమిషాలకు తలుపు దగ్గర నిలబడి "ఆయ్తా?" అనేది, అయిందా అని. కాలేదంటే ఇక ఆ రోజు మన పని అయినట్టే. రెండో మనిషి కాంపౌండరు. కళ్యాణదుర్గం వైపు ముసలాయన, మందు పొట్లంతో పాటు మాటల పొట్లం కూడా కట్టిచ్చేవాడు. మూడో మనిషిని నేను. మా నాయన చర్చిలో ఉపదేశి. నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. ఇన్ని చెప్పాను కాబట్టి నా సిగ్గును కొంచెమైనా క్షమిస్తారనుకుంటాను.

పిల్లలు కలగలేదని ఆడవాళ్ళు కంబదూరు నుంచి, కొత్తచెరువు నుంచి, ఇంకా మూలనున్న పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. మా దగ్గరికి వచ్చేసరికే దర్గాలూ దేవళ్ళూ నాటుమందులూ అన్నీ అయిపోయి ఉండేవి. మెడనిండా తాయెత్తులు, వెనకాల అత్త. మొగుడు మాత్రం రాడు. డాక్టరమ్మ ఆ అత్తల్ని కూర్చోబెట్టి, "బండికి రెండెద్దులు కట్టి ఒకదాన్నే కొడతారేమమ్మా?" అని అడిగేది. ముందు మగవాడి సీసా చూడాలి, తర్వాతే ఆడమనిషిని ముట్టుకునేది. అదీ ఆమె పెట్టిన పద్ధతి. ఆ రోజుల్లో మా జిల్లాలో అలా అడిగిన డాక్టరును నేను వేరే చూడలేదు. సగం మంది ఆ మాట వినగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

మిగిలిన సగంతో ఇంకో తంటా. ఆస్పత్రిలో ఇవ్వమంటే మగవాళ్ళు ససేమిరా ఒప్పుకోరు. అందుకని ఇంట్లోనే తీసి, గంట గంటన్నర లోపల తెచ్చివ్వమనేవాళ్ళం. ఒంటి వెచ్చదనం పోకూడదు, రొమ్ముకు ఆనించి బట్టల కింద పెట్టుకుని రావాలి. ఈ మాటలు నేను మగవాళ్ళకు చెప్పాలి. నేను చెప్పను గదా. కాంపౌండరుకు చెప్తాను, అదీ గోడవైపు తిరిగి, సగం మింగి. ఆయన మిగతా సగం తన సొంతానికి కల్పించుకుని వాళ్ళకు చెప్తాడు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఏమీ కాలేదు కాబట్టి అదే సరైన పద్ధతి అనుకున్నాం.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో బత్తలపల్లె నుంచి ఒక జంట వచ్చింది. ముస్లిములు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళది బొరుగుల బట్టీ, మరమరాలంటారే, అవి. వడ్లు ఉడకేసి, ఎండబెట్టి, దంచి, ఆ బియ్యాన్ని బట్టీ మీద కాలే ఇసుకలో వేయించడం వాళ్ళ తాతల నాటి పని. పెళ్ళై తొమ్మిదేళ్ళు. మొగుడు కూడా వచ్చాడంటేనే మాకు వింత. ముప్పై ఐదేళ్ళ మనిషి, చేతుల మీద వెంట్రుకలన్నీ మంటకు మాడి నున్నగా ఉన్నాయి. డాక్టరమ్మ మామూలుగా అతన్ని సీసా తెమ్మని చెప్పి, తల్లికి బాగాలేదని కబురొస్తే మర్నాడే బళ్ళారికి వెళ్ళింది. రెండు వారాల దాకా రాదు. మిగతా వివరాలు చెప్పే పని నాది, అంటే కాంపౌండరుది.

నాలుగు రోజుల తర్వాత ఉదయం బస్సులో అతను సీసా తెచ్చి కాంపౌండరుకిచ్చాడు. కాంపౌండరు నాకు తెచ్చిచ్చాడు. పట్టుకుంటే సీసా చేతికి చురుక్కుమంది. వేడిగా ఉంది. అనంతపురం ఎండ, బస్సు రేకుల వేడి, అంతేలే అనుకున్నాను. బయటికి వెళ్ళి "అన్నా, దీన్ని ఎట్ల తెచ్చినావు?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పది అడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళలేదు.

మాది అద్దం మీద ఎండ పడితే కనిపించే పాతకాలం మైక్రోస్కోపు. కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఉన్నవే కొద్ది. ఆ కొద్దిలో ఒక్కటీ కదలలేదు. మూడు చుక్కలు మార్చి చూశాను, అన్నీ చచ్చినవే. ‘ప్రాణంతో ఒకటీ లేదు’ అని ఇంగ్లీషులో రాసి, డాక్టరమ్మ వచ్చాక చూస్తుందిలే అని ఆమె బల్ల మీద బరువు కింద పెట్టాను.

అతను రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడట. డాక్టరమ్మ లేదు, నేను భోజనానికి వెళ్ళాను. కాంపౌండరును పట్టుకుని, ఏం రాసినారో చెప్పు సామీ అని ప్రాధేయపడ్డాడు. ఆయన ఆ కాగితం చదివి చెప్పేశాడు. "అన్నీ సచ్చినేవే అంటప్పా. డాక్టరమ్మ వచ్చినాంక ఇంగోమాటు రా" అన్నాడట. ఆ రెండో మాట అతనికి వినబడలేదు.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం భార్య ఒక్కతే వచ్చింది. పాతికేళ్ళ మనిషి, సన్నగా ఉంటుంది, ముందుసారి వచ్చినప్పుడు తల ఎత్తలేదు. ఈసారి నేరుగా నా గదిలోకి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"ఆ కాయితంలో ఏం రాసినారమ్మా?" అంది.

"డాక్టరమ్మ రానీ, ఆమే చెప్తుంది" అన్నాను.

"అంతవరకు నేను ఆ ఇంట్లో ఉండనమ్మా. మా యింటాయన మా నాయన్ను పిలిపించినాడు. మీ బిడ్డను తీస్కపోండి, ఇంగో తావ నిఖా చేయండి, నేను ఇడిసిపెడతా అన్నాడు. ఏంటికని అడిగితే చెప్పడు. శుక్రవారం నమాజు అయినాంక పెద్దమనుషులు కూర్చుంటారు. మూడేండ్ల నుంచి మా యత్త ఇంగో పెండ్లి చేస్తానంటాంటే వొద్దు వొద్దన్న మనిషి. ఈడికొచ్చి పోయినాంకనే ఇట్లయింది. నా కడుపు ఎండిపోయిందని రాసినారా?"

కాగితంలో ఉన్నది ఈమె గురించి కాదు. ఆ మాట చెప్తే మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే ఈమె బతుకు పోతుంది. ఇంతకూ అతను చేస్తున్నదేమిటో నాకప్పుడే అర్థమైంది. తప్పు తనదని తెలిసి, ఆమెను వదిలిపెడుతున్నాడు. ఊరికి మాత్రం ఆమెను గొడ్రాలని వెళ్ళగొట్టినట్టు కనిపిస్తుంది. ఆ పిచ్చి మనిషి అది ఆలోచించలేదు.

నేను మళ్ళీ డాక్టరమ్మ పేరే ఎత్తేసరికి ఆమెకు కోపం వచ్చింది. "మీరు చెప్పినట్ల చేసినాడు గదమ్మా. సల్లారనీకండ తెమ్మంటిరి. సల్లారితే యాడ పాడైపోతాదో అని బట్టీలో ఇసక ఎత్తి డబ్బాలో పోసి, దాంట్లో సీసా పూడ్చి, దుప్పటి సుట్టి, బస్సులో వొళ్ళో పెట్టుకోని వచ్చినాడు. తొడమీద బొబ్బ లేసింది, ఇప్పటికీ మానలే. ఇంగేం చేయల్ల?"

చెయ్యి చురుక్కుమన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మనకు వెచ్చగా అంటే రొమ్ము దగ్గరి వెచ్చదనం. రోజంతా బట్టీ ముందు కూర్చునే మనిషికి చల్లారకుండా అంటే ఏమిటో నేను గానీ కాంపౌండరు గానీ ఆలోచించలేదు. అతను ఎంత శ్రద్ధగా తెచ్చాడో అంత బాగా ఉడికించి తెచ్చాడు. నేను మైక్రోస్కోపు పెట్టి ఆ ఉడుకును చూసి, అతని వంశానికి తీర్పు రాశాను.

"అమ్మా, మీ ఆయన తప్పూ లేదు, నీ తప్పూ లేదు. తప్పు నాది. రేపు పొద్దున నేను మీ ఊరికి వస్తాను. అంతవరకు ఎవ్వరితోనూ ఏమీ అనొద్దు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "వస్తారా?" అని రెండుసార్లు అడిగి వెళ్ళింది.

కాంపౌండరుకు చెప్తే మొదట ఎగిరిపడ్డాడు. "సల్లారనీకండ అన్నే గానీ, వేంచమన్నేనా?" అన్నాడు. మర్నాడు పొద్దున నేను బస్టాండుకు వెళ్ళేసరికి నాకంటే ముందే వచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని ఉన్నాడు.

బత్తలపల్లెలో బట్టీ కనుక్కోవడం కష్టం కాలేదు. ఊరి చివర శనక్కాయ పొట్టు కుప్ప, దాని పక్కన పొగ. చాపల మీద ఉడకేసిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. పందిరి కింద అతను ఒంటి మీద చొక్కా లేకుండా, నడుముకు బిగించిన పంచెతో బట్టీకి ఆనుకునేంత దగ్గరగా కూర్చుని పెద్ద గరిటెతో ఇసుక తిప్పుతున్నాడు. తల్లి పక్కన కూర్చుని బొరుగులు జల్లిస్తోంది. భార్య ఇంటి గడప దగ్గర నిలబడింది. మమ్మల్ని చూడగానే అతని ముఖం పాలిపోయింది. ఊరందరిముందూ ఆ కాగితం చదువుతామనుకున్నాడేమో.

"ఈడ వొద్దమ్మా" అన్నాడు గొంతు తగ్గించి.

దారి పొడుగునా నేను మనసులో కూర్చుకున్న మాటలు చెప్పాను. నమూనా తెచ్చిన విధానంలో పొరపాటు జరిగింది, ఉష్ణోగ్రత ఎక్కువైంది, ఫలితం నమ్మదగింది కాదు, ఇలా. నా చెవులకే అవి పరీక్ష పేపరులా వినబడ్డాయి. అతను గరిటె ఆపకుండా విన్నాడు.

"మీది మంచి మనసు. నాకు బాధగా ఉంటాదని ఇంత దూరం వచ్చినారు. సచ్చినేవి మల్లా బతుకుతాయా అమ్మా? ఆయమ్మ సిన్నది. ఇంగో తావ పోతే బిడ్డల్ని ఎత్తుకుంటాది. నేనేంటికి అడ్డం?" అన్నాడు. తల్లికి వినపడకుండా అన్నాడు గానీ, ఆమె జల్లెడ ఆగింది.

పక్కకు చూశాను. చాపల మీద వడ్లు కనిపించాయి.

"అన్నా, ఈ వడ్లు తీస్కపోయి మడిలో చల్లితే మొలకొస్తాదా?" అని అడిగాను.

నా వైపు వింతగా చూశాడు. "ఉడకేసినేవి గదమ్మా. యాడ మొలుస్తాయి?"

"చచ్చినేవా అవి?"

"ఉడకేస్తే సావక ఏం చేస్తాయి?"

"తెచ్చినపుడు బతికుండేవా?"

"ఇత్తనం వడ్లే అవి. బంగారట్లా వడ్లు."

"మరి తప్పు వడ్లదా, ఉడకేసినోళ్ళదా?"

గరిటె ఆగిపోయింది. పెనంలో బొరుగులు నల్లబడి పొగ లేచింది. తల్లి "మాడుతాండాయి, సూడు" అని అరిచినా అతను కదల్లేదు. అప్పుడు కాంపౌండరు గొడుగు కింద పెట్టి అతని పక్కన గొంతుకూర్చున్నాడు.

"నువ్వు ఇసకలో పూడిస్తివి. నేను పూడ్చొద్దని చెప్పకపోతిని. ఈయమ్మ సీసా కాలుతాంటే ఏంటికని అడక్కపోయె. ముగ్గురం కల్సి ఉడకేసినామప్పా. రేపు పొద్దున్నే ఆస్పత్రికి రా. ఈసారి ఇసకా వొద్దు, బస్సూ వొద్దు. ఆన్నే ఇద్దువు. గది తలుపు కాడ నేను కాపలా ఉంటా."

"రేపు మద్యాన్నం పెద్దమనుషులు కూర్చుంటారు" అన్నాడు అతను.

"మద్యాన్నానికి నిన్ను బస్సెక్కించే పూచీ నాది" అన్నాను. అలా పూచీ పడడానికి నాకు ఏ అధికారమూ లేదు. రేపు కూడా కదిలేది ఒక్కటీ కనబడకపోతే ఏం చేస్తానో కూడా తెలియదు. అతనికి నిజంగానే లేకపోవచ్చు.

శుక్రవారం మొదటి బస్సులో అతను వచ్చాడు. నేను ఎదురెళ్ళి చిన్న సీసా చేతికిచ్చి, కళ్ళలోకి చూస్తూ, "వీర్యం మొత్తం ఇందులోనే పట్టల్లన్నా, ఒక్క చుక్క కింద పోగూడదు. సబ్బు తగలగూడదు, నీళ్ళు తగలగూడదు" అన్నాను. అన్నాక గానీ ఏ మాట అన్నానో నాకే తెలియలేదు. కాంపౌండరు చేతిలోని మందు గిన్నె జారి నేల మీద దొర్లింది. అతను మాత్రం సరేనని తలూపి మందుల కొట్టు గదిలోకి వెళ్ళాడు. నాలుగేళ్ళు నేను మోసిన సిగ్గు అతనికి అక్కర్లేని సిగ్గు. పని చెప్తే చేసే మనిషి అతను.

కాంపౌండరు తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, మందుకొచ్చిన ప్రతివాళ్ళనూ "ఎలక సచ్చింది లోపల, రాగూడదు" అని తిప్పి పంపాడు. సీసా నా చేతికొచ్చింది. మామూలు వెచ్చదనం. చుక్క గాజుపలక మీద వేసి, అద్దం ఎండకు తిప్పి, కన్ను పెట్టాను.

ముందు ఏమీ కనబడలేదు. పలకను కొంచెం జరిపాను. ఒకటి ఉంది, కదల్లేదు. ఇంకోటి, అదీ కదల్లేదు. మళ్ళీ జరిపాను. చూపు అంచున ఏదో తోక ఆడించి అవతలికి పోయింది. దాని వెంటే పలకను జరిపాను. ఈదుతోంది. తొందరేమీ లేదు దానికి, సోమరిగా, దారి తప్పినట్టు ఈదుతోంది. ఇంకొంచెం అవతల ఇంకోటి. లెక్కపెడితే తక్కువే. కానీ ఉన్నాయి, ప్రాణంతో ఉన్నాయి. నేను గదిలోంచి పరుగున బయటికొచ్చాను. వరండాలో పదిమంది రోగులున్నారు.

"బతికుండాయన్నా" అన్నాను. "తక్కువుండాయి గానీ బతికుండాయి."

అతను బెంచీ మీద అలాగే కూర్చుని రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. కాంపౌండరు అతన్ని భుజం పట్టి లేపి, బస్టాండు దాకా నడిపించుకుని వెళ్ళి బస్సెక్కించాడు.

ఆ మధ్యాహ్నం బత్తలపల్లెలో జరిగింది నేను చూడలేదు, భార్య తర్వాత చెప్పింది. పెద్దమనుషులందరి ముందూ అతను లేచి, "నేను ఈయమ్మను ఇడవను. బిడ్డలు లేనిది ఈయమ్మ తప్పు కాదు. లోపం నా తావ ఉండాది, మందు తింటాండా. మా యమ్మతో సహా ఎవురూ ఇంగ ఈయమ్మను ఒక మాట అనగూడదు" అన్నాడట. ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, ఒక మగవాడు నలుగురిలో ఆ మాట అనడం ఎంతటిదో మీరు ఊహించలేరు. మేము రాసిచ్చిన మందు అప్పటికి ఒక్కటీ లేదు. అయినా అతని నోట ఆ అబద్ధం ఎంత బాగుందో. "తొమ్మిదేండ్లకు ఆ పొద్దు తలెత్తుకోని ఇంటికి పోయినానమ్మా" అంది ఆమె.

డాక్టరమ్మ బళ్ళారి నుంచి వచ్చి మా ఇద్దరినీ వరసగా నిలబెట్టి తిట్టింది. నన్ను ఎక్కువ తిట్టింది. చదువుకున్నదానివి, సిగ్గు ఇంటి దగ్గర విడిచి రావాలి, చెప్పులు విడిచినట్టు, అంది. న్యాయమైన తిట్టే. తిట్లయ్యాక అతన్ని పిలిపించి, రోజుకు ఎంతసేపు బట్టీ ముందు కూర్చుంటావు, ఎంత దూరంలో కూర్చుంటావు, పంచె ఎలా కడతావు అని అడిగింది. వేడికి సీసాలోనివే కాదు, ఒంట్లోనివి కూడా పాడవుతాయని అప్పుడు వివరించింది. మూడు నెలలు బట్టీకి దూరంగా ఉండాలి. గుడ్డ వదులుగా కట్టాలి. రోజూ చన్నీళ్ళ స్నానం. కరువు ఊరు కాబట్టి స్నానం మాట దగ్గర అతను కొంచెం ఆలోచించి, చెంబెడైతే చాలునా అని అడిగాడు.

బట్టీ ఎవరు చూస్తారన్నది చిక్కు. దాన్ని తేల్చింది అతని తల్లి. మూడేళ్ళుగా కోడలి మీద ఇంకో కోడల్ని తెస్తానన్న ఆ ముసలామె డాక్టరమ్మ ఎదురుగా చెంగు దోపి, "వీడు పుట్టకముందు ఆ గరిటె పట్టింది నేనే. నాకేమైనా ఇంగ బిడ్డలు పుట్టాల్నా? నేను కూర్చుంటా" అంది. డాక్టరమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. కొడుకు గంప నెత్తిన పెట్టుకుని సంతలకు తిరిగి బొరుగులు అమ్మాడు. గాలి తగిలింది, నడక తగిలింది. మూడు నెలలకు చూస్తే చూపుకు నాలుగైదు కనిపించేచోట పదీ పదిహేనూ కనిపించాయి. ఆరు నెలలకు లెక్కపెట్టడం నాకే విసుగనిపించింది. అంత సంతోషంగా నేను ఎప్పుడూ విసుక్కోలేదు.

వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకూ ఇప్పుడు పిల్లలున్నారు. అయినా నా కళ్ళముందు నిలిచింది పుట్టిన రోజు కాదు, అంతకు చాలా నెలల ముందు ఆ విషయం తెలిసిన రోజు.

భార్యకు నెల తప్పి పది పన్నెండు రోజులైంది. నెల తప్పడం ఆమెకు ముందు కూడా ఒకటి రెండుసార్లు జరిగి, ఆశపెట్టి పోయింది. అందుకని పరీక్ష చేసి చెప్పమన్నారు. ఇప్పుడు మీకు పుల్ల ముంచితే గీత వస్తుంది. మాకప్పుడు కప్ప కావాలి. ఆడమనిషి పొద్దుటి ఉచ్చను మగ గోదురుకప్పకు సూదితో ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయిన పక్షంలో రెండు మూడు గంటల్లో ఆ కప్ప మూత్రంలో దాని వీర్యకణాలు కనిపిస్తాయి. అదీ మా శాస్త్రం. ఆ ఏడు వాన లేదు, కప్ప అన్నది కంటికి కనబడలేదు. సంగతి విని అతను సంతల దారిలో ఉన్న బావులన్నీ గాలించి, తడిపిన గోనెసంచిలో ఏడు కప్పల్ని తెచ్చాడు. "శానా పెద్దవి ఏరి తెచ్చినానమ్మా" అన్నాడు గర్వంగా. కప్పల్లో ఆడవే పెద్దవి. ఏడింట్లో ఆరు ఆడవే. ఏడోది పొరపాటున చిక్కిన చిన్నది, అది మగది.

ఈసారి నేను ఏదీ ఊహకు వదల్లేదు. ఉచ్చ ఎప్పుడు పట్టారు, ఎలా తెచ్చారు, దేంట్లో తెచ్చారు, అన్నీ వాళ్ళనే అడిగాను. కప్పను ముందే పరీక్షించి, దానిలో ఏమీ లేవని రూఢి చేసుకున్నాను. సూది వేసి, తడిగుడ్డ కప్పి, కుండలో పెట్టాను. మూడు గంటలు. డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి "ఆయ్తా?" అంది. భార్య గోడకానుకుని కూర్చుంది. అత్త ఆమె పక్కన తస్బీ పూసలు తిప్పుతోంది. కాంపౌండరు ఆ మూడు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు, అది మా ఆస్పత్రి చరిత్రలో లేదు.

కప్ప నుంచి తీసిన చుక్కను పలక మీద వేసి చూశాను. వెతకాల్సిన పని లేకపోయింది. కళ్ళు చెదిరేటట్టు ఉన్నాయి, సన్నగా, పొడుగ్గా, జలజలా కదులుతూ. డాక్టరమ్మను పిలిచి చూపించాను. ఆమె చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసి, బయటికెళ్ళి "నీ కోడలు నీళ్ళోసుకుందమ్మా" అని ముసలామెకు చెప్పింది. ముసలామె కోడల్ని పట్టుకుని ఏడ్చింది. కోడలు ఏడవలేదు, అత్త వీపు నిమిరింది.

అతను మాత్రం నా గది తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నేనూ ఒకతూరి సూడొచ్చునా అమ్మా?" అన్నాడు. స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పాను. కాసేపు ఏమీ కనబడలేదన్నాడు.

"ఎన్ని ఉండాయమ్మా" అన్నాడు చివరికి. "ఎట్ల ఆడుతాండాయో. ఇవి నావేనా?"

"కాదన్నా, ఇవి కప్పవి" అన్నాను, వరండాలోని వాళ్ళందరికీ వినబడేటట్టు. "నీది ఆయమ్మ కడుపులో ఉండాది."

అతను కన్ను తియ్యలేదు. బయట తల్లి పిలిచింది, బస్సుకు వేళయిందని కాంపౌండరు వచ్చి చెప్పాడు. అద్దం మీది నుంచి ఎండ పక్కకు తొలిగేదాకా అతను ఆ స్టూలు మీంచి లేవలేదు. నేనూ లెమ్మనలేదు.